డిజిటల్ సాక్ష్యం, కోర్టు కేసులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కేసు కోసం ఫోన్, ల్యాప్‌టాప్, సీసీటీవీ ఫుటేజ్ పట్టుకుని వచ్చేవాళ్ల సందేహాలు దాదాపు ఒకటే. చాలామంది మా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యం అయిపోయి ఉంటుంది. ఫోన్ రీసెట్ చేసి ఉంటారు, లేదంటే ఆ రోజు ఫుటేజ్ డీవీఆర్‌లో, అంటే సీసీటీవీ రికార్డర్ పెట్టెలో, చెరిగిపోయి ఉంటుంది. నిజం వాళ్ల వైపే ఉన్నా చూపించడానికి ఏమీ మిగలదు. అలా ఇంకొకరికి జరగకూడదని ఈ ప్రశ్నలు, జవాబులు ఒకచోట పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు, వరుసగా చదవాల్సిన పని లేదు. మీ కేసు వివరాలను బట్టి సలహా ఇవ్వాల్సింది మీ లాయరే.

## ఘటన జరిగిన వెంటనే

ఆన్‌లైన్‌లో డబ్బు పోయింది. ముందు ఆధారాలు సర్దుకోవాలా, ఫిర్యాదు చేయాలా?

ముందు 1930కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర హోంశాఖ కింద నడిచే హెల్ప్‌లైన్. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మారుతూ పోతుంది. అది విత్‌డ్రా అయ్యేలోపే బ్యాంకు దాన్ని ఆపగలదు. ఫోన్ చేసేటప్పుడు మీ ఖాతా నంబరు, డబ్బు వెళ్లిన సమయం, ఎంత పోయింది, యూపీఐ అయితే ఆ లావాదేవీకి గుర్తుగా ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు దగ్గర పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో వివరంగా ఫిర్యాదు రాయండి.

మోసగాడు మీ చేత స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి ఉంటే వెంటనే ఇంటర్నెట్ ఆపేయండి. ఆ యాప్‌ను మాత్రం తీసేయకండి. అవతలి వాడి ఐడీ, ఎన్ని గంటలకు కనెక్ట్ అయ్యాడన్న వివరం అందులో ఉండొచ్చు.

బెదిరింపు మెసేజ్‌లు వస్తున్నాయి. చూస్తేనే టెన్షన్. డిలీట్ చేసి బ్లాక్ చేసెయ్యొచ్చా?

డిలీట్ చేయకండి. బ్లాక్ చేయొచ్చు, కానీ ముందు మూడు పనులు చేయండి. ఆ చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే వాట్సాప్‌లో కొత్తగా వచ్చేవి 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో వాటంతట అవే పోతాయి. రెండోది, చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మీ ఈమెయిల్‌కి పంపుకోండి. మూడోది, అవతలి వ్యక్తి ప్రొఫైల్ తెరిచి నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. చాట్ పైన కనిపించే పేరు మీరు సేవ్ చేసుకున్నది. ఆ పేరును ఎవరైనా ఏ నంబరుకైనా పెట్టుకోవచ్చని ఎదుటి లాయర్ తప్పకుండా అంటాడు.

వాట్సాప్‌లో పంపినవాళ్లు తమ మెసేజ్‌ను రెండు రోజుల పైచిలుకు వరకు అందరి ఫోన్లలోంచి తీసేయగలరు. అందుకే సేవ్ చేసే పని రేపటికి వాయిదా వేయకండి.

స్క్రీన్‌షాట్లు అన్నీ తీసి పెట్టుకున్నాను. అవి సరిపోవా?

ఫిర్యాదు ఇవ్వడానికి సరిపోతాయి. కేసు చివరిదాకా వాటి మీదే నిలబడతామంటే కష్టం. స్క్రీన్‌షాట్ ఒక బొమ్మ. అందులో అక్షరాలు మార్చే యాప్‌లు, అచ్చం వాట్సాప్‌లా కనిపించే నకిలీ చాట్ తయారుచేసే యాప్‌లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఆ సంగతి జడ్జిగారికీ తెలుసు. మెసేజ్ నిజంగా వచ్చిందని చెప్పేది ఫోన్‌లోని వాట్సాప్ డేటాబేస్. ఏ నంబరు నుంచి, ఎన్ని గంటలకు వచ్చింది, ఎప్పుడు చదివారు అన్నవన్నీ అందులో ఉంటాయి. ల్యాబ్ వాళ్లు చూసేది దాన్నే. కాబట్టి స్క్రీన్‌షాట్లు ఉంచుకోండి, వాటికంటే జాగ్రత్తగా ఫోన్‌ను ఉంచుకోండి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులైతే స్క్రీన్‌షాట్‌తో పాటు పోస్ట్ లింకు, ఆ ఖాతా లింకు కాపీ చేసి రాసుకోండి. డిస్‌ప్లే పేరు ఎప్పుడైనా మారిపోతుంది, లింకు లేకపోతే ఖాతాను వెతకడం కష్టం.

మా అపార్ట్‌మెంట్ సీసీటీవీలో అంతా రికార్డయింది. తీరిగ్గా తీసుకోవచ్చా?

ఈరోజే తీసుకోండి. డీవీఆర్ హార్డ్ డిస్క్ నిండగానే పాత రికార్డింగ్ మీద కొత్తది పడుతుంది. ఇది డిస్క్ సైజును, కెమెరాల సంఖ్యను బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల నెల రోజులు నిలుస్తుంది, కొన్నిచోట్ల వారం కూడా నిలవదు. ఫలానా తేదీ, ఫలానా సమయం ఫుటేజ్ భద్రపరచండి అని అసోసియేషన్‌కో, షాపు యజమానికో లెటర్ రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటగా అడిగితే తర్వాత "మమ్మల్నెవరూ అడగలేదే" అంటారు.

మానిటర్‌ను సెల్‌ఫోన్‌తో వీడియో తీసి సరిపెట్టుకోకండి. డీవీఆర్ మెనూలోంచి ఎక్స్‌పోర్ట్ చేయించండి, దాని సొంత ఫార్మాట్‌లోనే. అది ప్లే అవడానికి ప్రత్యేక ప్లేయర్ కావాలంటే దాన్నీ కాపీ చేసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి, డీవీఆర్ గడియారం చాలాసార్లు తప్పుగా ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ చేసే సమయంలో డీవీఆర్‌లో ఎంత చూపిస్తోంది, అసలు టైమ్ ఎంత అన్నది పక్కపక్కన కనబడేలా ఒక ఫొటో తీసి పెట్టండి. ఈ ఒక్క ఫొటో లేకపోతే ఇరవై నిమిషాల తేడాకి సమాధానం చెప్పలేక ఇబ్బంది పడతారు.

పోలీస్ స్టేషన్‌లో జరిగిన దాని గురించైతే, స్టేషన్ సీసీటీవీ రికార్డింగ్‌ను 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

మానేసి వెళ్లిన ఉద్యోగి కంపెనీ డేటా పట్టుకెళ్లాడని అనుమానం. మా ఐటీ కుర్రాడు ల్యాప్‌టాప్ ఓపెన్ చేసి చూస్తానంటున్నాడు. చూడమననా?

వద్దు. మంచి ఉద్దేశంతోనే చేసినా ఎక్కువ కేసులు ఇక్కడే పాడవుతాయి. విండోస్ ఒక్కసారి ఆన్ అయితే చాలు, ఎన్నో ఫైళ్ల తేదీలు మారిపోతాయి, లాగ్‌లు (ఎప్పుడు ఏం జరిగిందో కంప్యూటర్ రాసుకునే చిట్టా) కొత్తవి రాసుకుంటుంది. ఫైళ్లు తెరిచి చూస్తే ఇంకా ఎక్కువ మారుతుంది. ఆ తర్వాత ఏది ఉద్యోగి చేసింది, ఏది మీ ఐటీ అబ్బాయి చేసింది అని విడదీయడం తలనొప్పి.

ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉంటే అలాగే ఉంచండి. సీరియల్ నంబరు రాసి, కవర్లో పెట్టి సీల్ వేసి, ఎవరి దగ్గర నుంచి ఎప్పుడు తీసుకున్నారో ఒక కాగితం మీద సంతకాలతో రాయండి. ఫార్మాట్ కొట్టి కొత్త ఉద్యోగికి ఇచ్చేయడం మాత్రం అస్సలు వద్దు. ఆన్‌లో ఉండి, స్క్రీన్ అన్‌లాక్ అయి ఉంటే ఆఫ్ చేసే ముందు నిపుణుడికి ఫోన్ చేయండి. ర్యామ్‌లో, అంటే తాత్కాలిక మెమరీలో, ఉన్నది ఆఫ్ చేయగానే పోతుంది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, అంటే డేటాకు పాస్‌వర్డ్ తాళం వేసి ఉంటే, మళ్లీ తెరుచుకోకపోవచ్చు కూడా.

సరిగ్గా పరిశీలిస్తే దొరికేవి చాలానే. ఏ పెన్‌డ్రైవ్ పెట్టారు, దాని సీరియల్ నంబరు ఎంత, మొదట ఎప్పుడు, చివరిగా ఎప్పుడు పెట్టారు అన్నది విండోస్ రిజిస్ట్రీలో నమోదవుతుంది. ఆ డ్రైవ్‌లోంచి తెరిచిన ఫైళ్ల షార్ట్‌కట్‌లు కూడా మిగులుతాయి. ఈలోపు కంపెనీ మెయిల్, సర్వర్ లాగ్‌లు చెరిగిపోకుండా ఆపించండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. అంటే ఆ గడువు దాటితే అవి ఉంటాయన్న నమ్మకం లేదు.

చాట్‌లో నేను కోపంలో అన్న మాటలు కూడా ఉన్నాయి. అవి మాత్రం తీసేసి ఇవ్వొచ్చా?

తీయకండి. మధ్యలో ముక్కలు పోయిన చాట్‌ను కోర్టు అనుమానంగానే చూస్తుంది. మీరు తీసినవి ఎదుటివాళ్ల ఫోన్‌లో ఉంటాయి కూడా. పైగా సాక్ష్యంగా చూపించాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును కావాలని నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం. మీకు ఇబ్బంది అనిపించే మాటల గురించి లాయర్‌కి ముందే చెప్పండి. ఆయన వాటికి సమాధానం సిద్ధం చేసుకుంటాడు.

## భద్రపరిచేటప్పుడు

కాల్ రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఫోన్‌లో ప్లేస్ లేదని అక్కడ డిలీట్ చేశాను. పర్లేదా?

మీ దగ్గర ఇప్పుడున్నది కాపీ. అసలు రికార్డింగ్ ఏ ఫోన్‌లో అయిందో ఆ ఫోన్‌ను ఇంక వాడకుండా పక్కన పెట్టండి, దొరికే అవకాశం ఇంకా ఉండొచ్చు. పెన్‌డ్రైవ్‌లోని ఫైలును ఎడిట్ చేయకండి, పేరు మార్చకండి, మాటలు బాగా వినబడాలని సౌండ్ పెంచి సేవ్ చేయకండి.

గొంతు ఎవరిదన్న వాదన వస్తే, నిందితుడిని వాయిస్ శాంపిల్ ఇవ్వమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడది పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 349వ సెక్షన్‌లోనే ఉంది. ఆ పోలిక సరిగ్గా కుదరాలంటే ల్యాబ్‌కి అసలు ఫైలు కావాలి. వాట్సాప్‌లో చేతులు మారి నాణ్యత తగ్గిన ఫైలుతో అది కష్టం.

ఫొటోలు, వీడియోలు లాయర్‌కి వాట్సాప్‌లో పంపితే చాలా?

చూడటానికి పంపండి. సాక్ష్యంగా మాత్రం అది పనికిరాదు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది, తీసిన సమయం, కెమెరా మోడల్, లొకేషన్ లాంటి వివరాలు ఊడిపోతాయి. తప్పనిసరైతే డాక్యుమెంట్‌గా పంపండి. ఇంకా మంచిది, ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి కాపీ చేసుకోవడం.

హ్యాష్ వేల్యూ అంటే ఏమిటి? మామూలు మనుషులకు అది అవసరమా?

ఇప్పుడు అవసరమే. ఒక ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి తీసిన అక్షరాలు, అంకెల వరుస అది. ఫైలుకి వేలిముద్ర లాంటిది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అయితే 64 అక్షరాలు వస్తాయి. రెండు గంటల వీడియోలో ఒక్క బిట్ మారినా ఆ వరుస పూర్తిగా వేరేగా వస్తుంది. మీరు ఇచ్చిన రోజు హ్యాష్, కోర్టులో తెరిచిన రోజు హ్యాష్ ఒకటే అయితే మధ్యలో ఎవరూ మార్చలేదని తేలుతుంది. విండోస్‌లో దీనికోసం ఏమీ కొనక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో సెర్ట్‌యుటిల్ అనే ఆదేశం ఉంది. ఫైలు కాపీ చేసిన రోజే హ్యాష్ తీసి, తేదీ వేసి రాసుకోండి.

దీని విలువ కేరళలో నటిపై దాడి కేసులో దేశమంతా చూసింది. దాడి వీడియో ఉండి, కోర్టు కస్టడీలో ఉన్న మెమరీ కార్డు హ్యాష్ మారిపోయిందని ఫోరెన్సిక్ ల్యాబ్ చెప్పింది. అంటే దాన్ని ఎవరో అనుమతి లేకుండా తెరిచారు. బాధితురాలు హైకోర్టుకు వెళ్తే, 2023 డిసెంబరులో విచారణకు ఆదేశం వచ్చింది. హ్యాష్ అనేది లేకపోతే ఆమెకు ఆ అన్యాయం జరిగిందని కూడా తెలిసేది కాదు.

నా భర్త మాటలు నేను రికార్డ్ చేశాను. ఆయనకు తెలియదు. కోర్టులో చెల్లుతుందా?

విడాకుల కేసుల్లో చెల్లవచ్చు. భార్యాభర్తల మధ్య రహస్యంగా తీసిన రికార్డింగ్‌ను సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలై 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. న్యాయమైన విచారణ పొందే హక్కు ఇక్కడ ముఖ్యమంది. అయితే ఆ రికార్డింగ్ నిజమైనదేనని, ఎడిట్ చేయలేదని చూపించాల్సిన బాధ్యత మీదే.

మీరు ఉన్న సంభాషణను మీరు రికార్డ్ చేయడం వేరు. ఆయన ఫోన్‌లో దొంగచాటుగా స్పై యాప్ వేసి ఇతరులతో మాట్లాడేవి వినడం వేరు. అనుమతి లేకుండా ఇంకొకరి పరికరంలోకి చొరబడటం ఐటీ చట్టం కింద నేరం. న్యాయం కోసం వెళ్లినవాళ్లు ముద్దాయిలుగా నిలబడే పరిస్థితి తెచ్చుకోకండి.

ఒక డిటెక్టివ్ ఎవరి కాల్ డేటా అయినా తెచ్చిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

తీసుకోకండి. ఇంకొకరి కాల్ రికార్డులను ప్రైవేటు వ్యక్తి తెప్పించే చట్టబద్ధమైన దారి లేదు. అమ్మేవాళ్లతో పాటు కొన్నవాళ్లూ అరెస్టయిన సందర్భాలున్నాయి. మీ కేసుకు అవి అవసరమైతే, టెలికాం కంపెనీ నుంచి తెప్పించమని లాయర్ ద్వారా కోర్టులో పిటిషన్ వేయండి. కంపెనీలు ఈ రికార్డులను రెండేళ్లు ఉంచాలి, కాబట్టి ఆ లోపే అడగాలి.

## పోలీసులు, ల్యాబ్

పోలీసులు ఫోన్ ఇవ్వమంటున్నారు. ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

సీజ్ చేసిన వస్తువుల జాబితాలో ఫోన్ మోడల్, రంగు, ఐఎంఈఐ నంబర్లు (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యలు), సిమ్, మెమరీ కార్డు వివరాలు రాశారో లేదో చూడండి. జాబితా కాపీ అడిగి తీసుకోండి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం రెండింటినీ ఆడియో, వీడియోలో రికార్డ్ చేయాలి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడమో, సిగ్నల్ అందని ఫారడే బ్యాగులో వేయడమో చేయమని మర్యాదగా గుర్తు చేయండి. నెట్‌లో ఉంటే దూరం నుంచే దాన్ని చెరిపేయగలరు. మీ ఎదురుగా కవర్లో పెట్టి సీల్ వేస్తే మీకూ మంచిదే, దర్యాప్తు అధికారికీ మంచిదే.

పని అయ్యాక ఫోన్ తిరిగి కావాలంటే మధ్యంతర కస్టడీ కోసం, అంటే కేసు తేలేదాకా మీ దగ్గరే ఉంచుకోవడానికి, మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయొచ్చు.

పాస్‌వర్డ్ చెప్పి తీరాలా?

మీరే ఫిర్యాదుదారు అయితే చెప్పడమే మేలు. లేకపోతే మీ ఆధారమే బయటికి రాదు. నిందితుడి విషయంలో కోర్టులు ఒకే మాట మీద లేవు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదని రాజ్యాంగం 20(3) అధికరణ అంటోంది. కోర్టు ఆదేశంతో పాస్‌వర్డ్ అడగడం దానికి విరుద్ధం కాదని 2021లో కర్ణాటక హైకోర్టు అంది. పోలీసులు తమంతట తాము బలవంతపెట్టలేరని కూడా ఆ తీర్పులోనే ఉంది. మీరు నిందితులైతే లాయర్‌తో మాట్లాడకుండా ఏదీ చెప్పకండి.

ల్యాబ్‌లో అసలు ఏం చేస్తారు?

ముందు సీల్ చెక్కుచెదరలేదని చూసి, ఫొటోలు తీసి రాసుకుంటారు. హార్డ్ డిస్క్ అయితే రైట్ బ్లాకర్ అనే పరికరం ద్వారా కలుపుతారు. దాంతో డిస్క్‌లోంచి చదవడమే తప్ప దాని మీద ఒక్క అక్షరం కూడా రాయడం కుదరదు. డిస్క్‌లోని ప్రతి బిట్‌ను, ఖాళీగా కనిపించే చోటుతో సహా, ఇమేజ్‌గా, అంటే అచ్చం అలాంటి నకలుగా, కాపీ చేసి హ్యాష్ తీస్తారు. పరిశీలన అంతా ఆ కాపీ మీదే, అసలు డిస్క్ మళ్లీ సీల్‌లోకి వెళ్తుంది. ఫోన్లకు ఇంత శుభ్రమైన పద్ధతి చాలాసార్లు కుదరదు. ఫోన్ ఆన్‌లో ఉంటేనే డేటా వస్తుంది కాబట్టి కొద్దిపాటి మార్పు తప్పదు. ఏం చేశారో, ఎందుకు చేశారో రిపోర్టులో రాస్తారు.

హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది, రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత ల్యాబ్‌లు ఉన్నాయి. మామూలుగా పోలీసులో, కోర్టో పంపితేనే అక్కడ కేసు తీసుకుంటారు.

డిలీట్ అయిన మెసేజ్‌లు, ఫొటోలు తిరిగి వస్తాయా?

పాత రకం హార్డ్ డిస్క్‌లో చాలావరకు వస్తాయి. డిలీట్ చేసినప్పుడు ఫైలు చిరునామా పోతుంది, దాని మీద ఇంకోటి పడేదాకా డేటా అక్కడే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీల్లో ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల ఖాళీ అయిన చోటును డ్రైవ్ తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది, ఆశ తక్కువ. ఇప్పటి ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తాళంచెవే పోతుంది, ఆ తర్వాత ఏ ల్యాబ్ అయినా చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

రీసెట్ కాకపోతే మాత్రం ఆశ వదులుకోకండి. చాట్‌లోంచి తీసేసిన మెసేజ్ డేటాబేస్ మూలల్లో కొన్నాళ్లు ఉండిపోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ గత 7 రోజుల వరకు బ్యాకప్‌లను ఫోన్‌లోనే ఉంచుతుంది. గూగుల్ డ్రైవ్‌లో పాత బ్యాకప్ ఉండొచ్చు. రికవరీ యాప్‌లు డౌన్‌లోడ్ చేసి ప్రయత్నించడం మాత్రం మానండి. ఆ యాప్ వచ్చి కూర్చునే చోట మీకు కావాల్సిన డేటా ఉండొచ్చు.

వాట్సాప్ కంపెనీని అడిగితే చాట్ ఇవ్వదా?

చాట్‌లోని మాటలు ఇవ్వలేదు. 2016 నుంచి మెసేజ్‌లన్నీ పంపినవాళ్ల నుంచి అందుకున్నవాళ్ల దాకా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తున్నాయి, అందిన మెసేజ్‌ను కంపెనీ తన సర్వర్‌లో ఉంచుకోదు. దర్యాప్తు సంస్థ చట్టప్రకారం అడిగితే ఖాతా వివరాలు, ఐపీ అడ్రస్ (ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వాడారో చెప్పే నంబరు) లాంటివి వస్తాయి. ఐపీ లాగ్‌ల్లో టైమ్ చాలాసార్లు యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, ఉంటుంది. మన సమయం కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. ఉదయం 7:10 అని ఉంటే మనకు మధ్యాహ్నం 12:40. ఇది గమనించకపోతే సంబంధం లేని మనిషి ఇంటి తలుపు తట్టే ప్రమాదం ఉంది.

## కోర్టులో

65బి సర్టిఫికెట్ అంటారు, ఇప్పుడు 63 అంటున్నారు. ఏది? ఎవరివ్వాలి?

రెండూ ఒక కోవలోవే. ఎలక్ట్రానిక్ రికార్డు ఏ పరికరంలోంచి, ఎలా తీశారో చెబుతూ దానితో పాటు కోర్టుకు ఇచ్చే ధ్రువపత్రం ఇది. పాత సాక్ష్య చట్టంలో 65బి, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్. ఆ తేదీ నాటికే నడుస్తున్న విచారణలకు పాత చట్టమే వర్తిస్తుంది.

ఈ సర్టిఫికెట్ కథ తెలిస్తే దాని మీద ఎందుకంత పట్టింపో అర్థమవుతుంది. పార్లమెంటుపై దాడి కేసులో, 2005లో, సర్టిఫికెట్ లేకపోయినా కాల్ రికార్డులను సుప్రీంకోర్టు అంగీకరించింది. 2014లో కేరళ ఎన్నికల కేసులో ఆ మాట తప్పని చెప్పింది. ఓడిన అభ్యర్థి తెచ్చిన పాటలు, ప్రకటనల సీడీలను సర్టిఫికెట్ లేదన్న కారణంతో పక్కన పెట్టేసింది. 2018లో కొంత సడలించినా, 2020 జూలైలో ముగ్గురు జడ్జిల ధర్మాసనం మళ్లీ గట్టిగా తేల్చింది. కాపీ పెడితే సర్టిఫికెట్ తప్పనిసరి. అసలు ఫోన్ లేదా ల్యాప్‌టాప్‌నే దాని యజమాని బోనులోకి వచ్చి చూపిస్తే అక్కర్లేదు.

కొత్త చట్టంలో సర్టిఫికెట్‌కి రెండు భాగాలు. ఎ భాగం మీద ఆ పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లు సంతకం చేయాలి. మీ ఫోన్ అయితే మీరే. బి భాగం మీద నిపుణుడు సంతకం చేయాలి. పరికరం మోడల్, సీరియల్ నంబరు, ఐఎంఈఐ, హ్యాష్ విలువ, అది ఏ పద్ధతిలో తీశారు అన్నవన్నీ నింపాలి. రికార్డును సాక్ష్యంగా ప్రవేశపెట్టే ప్రతిసారీ సర్టిఫికెట్ జతచేయాలని చట్టంలోనే ఉంది. జిరాక్స్ షాపులో దొరికే పాత నమూనా మీద సంతకం పెట్టి ఇవ్వకండి.

ఫుటేజ్ ఇచ్చిన ఆఫీసువాళ్లు సర్టిఫికెట్ ఇవ్వనంటున్నారు. ఏం చేయాలి?

ఊరుకోకండి, రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే వాళ్లకు ఆదేశం ఇమ్మని కోర్టులో పిటిషన్ వేయండి. 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఇలాంటి కష్టం మీదే వచ్చింది. మహారాష్ట్రలోని జాల్నాలో ఒక అభ్యర్థి నామినేషన్ గడువు దాటాక వేశాడా అన్నది వివాదం. రిటర్నింగ్ అధికారి గదిలోని వీడియోలు సాక్ష్యం. ఎన్నిసార్లు అడిగినా అధికారులు సర్టిఫికెట్ ఇవ్వలేదు. అడిగిన మనిషి తన చేతనైనదంతా చేశాడు కాబట్టి అతన్ని శిక్షించకూడదని కోర్టు అంది. అలా చేశారని చూపించాలంటే మీ దగ్గర లెటర్లు, వాటి రశీదులు ఉండాలి. విచారణ ముగిసేలోపు సర్టిఫికెట్ తర్వాతైనా దాఖలు చేయొచ్చని కూడా ఆ తీర్పు చెప్పింది.

నా మీద పెట్టిన వీడియో సాక్ష్యం కాపీ నాకు ఇస్తారా?

ప్రాసిక్యూషన్ ఆధారపడిన మెమరీ కార్డు, పెన్‌డ్రైవ్‌లోని విషయం డాక్యుమెంట్ కిందికే వస్తుందని, నిందితుడికి క్లోన్ కాపీ, అంటే అచ్చం అలాంటి నకలు, ఇవ్వాలని 2019 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. బాధితురాలి గోప్యతకు భంగం కలిగే వీడియో అయితే కాపీ ఇవ్వరు, లాయర్‌తో, నిపుణుడితో వచ్చి చూసుకోనిస్తారు. చూసేటప్పుడు హ్యాష్ సరిపోయిందా, ఫుటేజ్ మధ్యలో తెగిందా, టైమ్ ఎక్కడైనా ఎగిరిందా అని మీ నిపుణుడి చేత రాయించుకోండి.

సర్టిఫికెట్, హ్యాష్ అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంక గెలిచినట్టేనా?

ఇంకా కాదు. అవన్నీ ఉంటే కోర్టు మీ రికార్డును చూడటానికి ఒప్పుకుంటుంది. అందులో ఉన్నది నిజమని, ఆ పని చేసింది ఆ మనిషేనని విడిగా నిరూపించాలి. మెసేజ్ ఒక ఫోన్ నుంచి వెళ్లిందని ల్యాబ్ చెప్పగలదు. ఆ నిమిషంలో ఫోన్ ఎవరి చేతిలో ఉందో చెప్పలేదు.

అందుకే ఒక్క వస్తువు మీద ఆధారపడకండి. మెసేజ్ వెళ్లిన సమయానికి టవర్ లొకేషన్ ఎక్కడుంది, అదే సమయంలో ఆ ఫోన్ నుంచి యూపీఐ చెల్లింపు జరిగిందా, లిఫ్టులో సీసీటీవీకి ఎవరు కనిపించారు, పక్కన ఉన్న సాక్షి ఎవరు అన్నవి ఒకదానికొకటి కలవాలి. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ కేసులోనూ కంపెనీ కంప్యూటర్లలో దాచిన నకిలీ ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు కాగితాలు, ఉద్యోగుల సాక్ష్యాలు కలిశాకే 2015 ఏప్రిల్‌లో శిక్షలు పడ్డాయి. మీ లాయర్‌ను కలిసే ముందు తేదీలు, గంటలు వరుసగా రాసి, ప్రతి దాని పక్కన దాన్ని చూపించే ఆధారం ఏ పరికరంలో ఉందో రాసిపెట్టుకుని వెళ్లండి.